అక్షరాలక్క ఒక ఇంటిదైంది

బస్టాండు వెనక వీధిలో టీషర్టుల మీద అక్షరాలు వేసే కొట్టు ఒకటుంది. ముందు గదిలో గాజు బల్ల, బల్ల వెనక రంగురంగుల టీషర్టుల దొంతరలు. వెనక గదిలో కంప్యూటరు, అక్షరాలు కత్తిరించే మిషను, వేడి ప్రెస్సు, ఒక కుట్టుమిషను, టీ పెట్టుకునే స్టవ్వు. ఆ ప్రెస్సు పక్కన ఎత్తు స్టూలు మీద, ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో, చేతిలో సూదితో కూర్చుని కనిపించేది అక్షరాలక్క. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఆ వీధిలో దాన్ని వాడినవాళ్లు లేరు. ఓనరమ్మ దగ్గర్నుంచి పక్కనున్న మందుల షాపాయన దాకా అందరికీ ఆమె అక్షరాలక్కే.

ఆ పని చూడ్డానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. మాటను కంప్యూటర్లో కొట్టి, అద్దంలో చూసినట్టు తిరగేసి మిషనుకి ఇస్తే, అది రంగు షీటు మీద అక్షరాల అంచు వెంబడి గాటు పెడుతుంది. అక్కడితో మిషను పని అయిపోతుంది. అక్షరం కాని షీటునంతా సూదితో పీకి పారేసి, మిగిలిన అక్షరాలని వేడి ప్రెస్సు కింద బట్టకి అతికించడం మనిషి పని. తెలుగు అక్షరాలకేమో పొట్టలెక్కువ, చుక్కలెక్కువ, కింద వేలాడే వత్తులెక్కువ. తొందరపడి లాగితే వత్తు కూడా చెత్తతో పాటు వచ్చేస్తుంది. 'పెళ్లి'కి వత్తు ఊడితే 'పెళి' మిగులుతుంది, పెళ్లివారు కొట్టు మీదికి దండెత్తుతారు. అక్షరాలక్క చేతిలో ఒక్క వత్తు ఊడిందని ఇన్నేళ్లలో ఎవరూ తిరిగి రాలేదు.

జనం వేయించుకునే మాటలు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒకాయన "ఖాళీగా ఉన్నాను" అని వేయించుకుంటాడు. నాలుగు నెలలు తిరక్కుండా అతనే వచ్చి "ఇక ఖాళీ లేదు" అని ఇంకోటి వేయించుకుంటాడు. "కాబోయే తాత" అని ఒకాయన, "విడాకులయ్యాయి, హాయిగా నిద్ర పడుతోంది" అని ఒకావిడ. కొత్త దంపతులొకరు జంటగా వేయించుకున్నారు. అబ్బాయి చొక్కా మీద "ఈవిడ మొగుణ్ణి" అని రాసి పక్కకి బాణం గుర్తు. తీరా ఫొటో దిగే వేళకి అబ్బాయి అటువాడు ఇటు నిలబడ్డాడు, బాణం పోయి అత్తగారిని చూపించింది. ఆ ఫొటో చూసి ఓనరమ్మ స్టూలు మీంచి పడిపోయేంత పని చేసింది.

ఓనరమ్మ వయసులో అక్షరాలక్క కంటే చాలా చిన్నది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. రోజుకో మాట ఒంటి మీద వేసుకుని తిరుగుతుంది. సోమవారమైతే "బాస్ నేనే, బేరాల్లేవు" అన్నది ఖాయం. ఆమె లెక్క ఆమెది. "జనం ఎలాగూ అడుగుతారక్కా. పెళ్లయిందా, పిల్లలెంతమంది, ఏం చేస్తుంటావు అని చంపుతారు. అడక్కముందే చొక్కా చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది కదా" అంటుంది.

కుట్టుమిషను ముందు కూర్చునే టైలరు మాస్టారు దీనికి ఒంటికాలి మీద లేస్తాడు. "చొక్కా పని ఒళ్లు కప్పడమమ్మా. కప్పుకోమని ఇస్తే దాని మీదే అంతా విప్పి చెప్పుకుంటున్నారు. రేపు బీపీ ఎంతో, షుగరెంతో కూడా వేయించుకుంటారు చూడు."

"వేయించుకోనివ్వండి మాస్టారూ, మనకి అది కూడా బేరమే కదా."

టీ తాగే వేళల్లో ఈ తగువు రోజూ నడుస్తుంది. అక్షరాలక్కని మధ్యలోకి లాగితే ఆమె సూది ఆపదు, తలెత్తదు. "అవతలివాళ్ల ఒంటి మీద ఏముంటే నాకెందుకు? నా ఒంటి మీదికి మాత్రం ఒక్క అక్షరం రానివ్వను" అంటుంది. ఎప్పుడు చూసినా సాదా బూడిదరంగు చొక్కా, దానికి కళ్లజోడు పట్టేంత జేబు. ఊరందరికీ మాటలు అతికించే మనిషి తన ఒంటిని మాత్రం తెల్లకాగితంలా ఉంచుకుంది.

ఒకసారి తల్లీకొడుకులు కలిసి వచ్చారు. ఆఫీసులో పెళ్లి పెళ్లి అని ప్రాణం తీస్తున్నారట. "పెళ్లి కాలేదు" అని గుండెల మీద వెయ్యమన్నాడు కొడుకు.

"దానికి ముందు 'ఇంకా' అని పెట్టమ్మా" అంది తల్లి.

"ఇంకా ఎందుకమ్మా?"

"ఇంకా లేకపోతే ఇక కాదేమో అనుకుంటార్రా."

"ఇంకా అని పెడితే నేనేదో దాని కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నట్టుంటుంది."

"నువ్వు కూర్చోకపోతే నేను కూర్చున్నాను కదరా!"

ఇద్దరూ తీర్పు కోసం అక్షరాలక్క వంక చూశారు. "ఇంకా పెడితే మిగతా అక్షరాలు చిన్నవైపోతాయండీ, దూరానికి కనపడవు" అందామె. తల్లికి కావలసింది దూరానికి కనపడటమే గనక 'ఇంకా' ఎగిరిపోయింది. కొడుకు పోతూ పోతూ అక్షరాలక్కకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఆమె చెప్పింది నిజమే. కానీ ఆ రెండక్షరాలంటే ఆమెకు బొత్తిగా పడదన్నది అంతకంటే నిజం. అక్షరాలక్కకి యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేదో ఉందా అంటే లేదు. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరి కోసమూ కాచుక్కూర్చోలేదు. అలాంటి కథ ఉంటే బాగుండునని వీధిలో చాలామందికి ఉండేది గానీ, లేనిది ఆమె మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చేది? సంబంధాలు వచ్చాయి, చూసింది, ఎవరినీ చూసి ఇతనితో ఉండాలనిపించలేదు. కొన్నాళ్లకి ఇలాగే బాగుందనిపించింది. అంతే. కానీ చొక్కా సాదాగా ఉన్నంత మాత్రాన చూసేవాళ్లు ఊరుకుంటారా? ఆమె మీద రాయని మాటని కూడా చదివేవారు. అన్నయ్య అయితే ఎవరికి పరిచయం చేసినా "మా చెల్లెలండీ, ఇంకా..." అని అక్కడ ఆగిపోయేవాడు. ఆ 'ఇంకా' తర్వాత ఏముందో అందరూ ఎవరికి వారే పూర్తి చేసుకునేవారు.

అన్నయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథే ఉండేది కాదు. పైపుల పని చేస్తాడు. ఊళ్లో సగం ఇళ్ల కుళాయిలు ఆయన చేతి మీదుగా పోయినవే. నాన్న ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఆయన చెయ్యి పట్టుకుని "దాన్ని ఒక ఇంటిదాన్ని చెయ్యరా" అన్నాడు. తెలుగువాళ్లకి ఆ మాటకి అర్థం వేరే చెప్పనక్కర్లేదు. ఆడపిల్ల ఒక ఇంటిదవడమంటే పెళ్లి కావడమే. అన్నయ్య కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగాడు. చివరికి చెల్లెలే "ఇక చూడకు అన్నయ్యా, నాకు ఇలాగే బాగుంది" అంటే సరేనన్నాడు. నోటితో అన్నాడు గానీ మనసు సరేననలేదు. ఇంట్లో గాలీ వెలుతురూ వచ్చే గది ఆమెకిచ్చాడు. చలికాలం ఇబ్బంది పడుతుందని ఆమె స్నానాలగదికి వేడినీళ్ల పైపు విడిగా లాగాడు. వదిన కూడా "చిట్టీ, చిట్టీ" అంటూ ఆమె తినందే తినేది కాదు. అన్నీ బాగానే ఉండేవి, నాన్న మాట ఎత్తనంత వరకు. ఎత్తితే అన్నయ్య లేచి వెళ్లి బాగానే ఉన్న కుళాయిని విప్పి మళ్లీ బిగించేవాడు.

అలాంటి అన్నయ్యకి చెప్పకుండా అక్షరాలక్క ఇల్లు కొనేసింది.

ఏళ్ల తరబడి జీతంలోంచి పక్కన పెడుతూ వచ్చిన దానితో, కొట్టుకి రెండు స్టాపుల అవతల మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు. ఒక హాలు, ఒక పడగ్గది, వంటిల్లు, కుర్చీ వేసుకునేంత బాల్కనీ. అన్నయ్య ఇంట్లో ఏం తక్కువైందని? ఏమీ తక్కువ కాలేదు. తన తలుపు తాళం తనే తియ్యాలని, కిటికీ పరదా రంగు ఎవరినీ అడక్కుండా ఎంచుకోవాలని, తాగిన కప్పు తెల్లారేదాకా సింకులో పడేసినా మొహమాటపడక్కర్లేకుండా ఉండాలని, అంతే. ఇంత చిన్న కోరిక కోసం ఇల్లు కొంటారా అంటే, కొంటారు. ఆమె కొంది. తాళంచెవి సంచీలో పెట్టుకుని రోజూ ఆ సంచీతోనే అన్నయ్య ఇంటికి వెళ్లి పడుకునేది.

చెప్పడానికి భయం. అన్నయ్య తిడతాడని కాదు, తిడితే పడొచ్చు. తిట్టడు. "నేను నిన్ను ఒక ఇంటిదాన్ని చెయ్యలేకపోయాను, చివరికి నా ఇంట్లో కూడా ఉండలేకపోయావా" అని మనసులో అనుకుని, పైకి ఏమీ అనకుండా, ఆ రాయి కూడా గుండెలో ఉన్న పాత రాయి పక్కనే పెట్టుకుంటాడు. ఆమెకు ఇల్లు కావాలి. అన్నయ్య కుంగిపోకూడదు. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో ఆమెకు తోచలేదు.

అయినా ప్రయత్నించింది. ఒకరోజు భోజనాల దగ్గర "అన్నయ్యా, నీతో ఒక మాట" అంది.

"కూరలో ఉప్పు తక్కువైంది, అదేగా?" అన్నాడు అన్నయ్య. వదిన వెంటనే మూతి ముడిచింది. ఆ పూటంతా ఉప్పు చర్చలోనే గడిచిపోయింది.

మరోరోజు ఆయన బూట్లు తుడుచుకుంటుంటే పక్కన కూర్చుంది. "అన్నయ్యా, మనిషన్నాక తనకంటూ..." అని మొదలుపెట్టింది.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడాయన. ఆ చెయ్యి అలా పెట్టాక ఇంకేం చెబుతుంది? బాగానే ఉందని లేచి వెళ్లిపోయింది.

నోటికి రాని మాట చేతికి వచ్చింది. ఒక మధ్యాహ్నం కొట్లో బేరాల్లేవు. మాస్టారు భోజనానికి వెళ్లాడు, ఓనరమ్మ ముందు గదిలో ఫోను చూసుకుంటోంది. అక్షరాలక్క కంప్యూటరు ముందు కూర్చుని ఒక మాట కొట్టింది. తిరగేసింది. మిషనుకిచ్చింది. వత్తుల చుట్టూ ఎప్పటికంటే నెమ్మదిగా సూది తిప్పి, దొంతరలోంచి బూడిదరంగు టీషర్టు ఒకటి లాగి ప్రెస్సు కింద పెట్టింది. తీసి చూసుకుంటే తెల్లటి అక్షరాలు చక్కగా కూర్చున్నాయి.

ఒక ఇంటిదాన్నయ్యాను.

నాన్న మాటనే తీసుకుని నాన్నకీ అన్నయ్యకీ కలిపి జవాబు చెప్పినట్టుంటుందని ఆమె ఉద్దేశం. రాత్రి భోజనమయ్యాక ఇది తొడుక్కుని అన్నయ్య ముందు నిలబడితే ఆయన చదువుతాడు, అదేమిటంటాడు, తాళంచెవి చూపిస్తుంది, నవ్వుతాడు. నవ్వితే సగం బరువు దిగినట్టే. సరిపోయిందో లేదో చూసుకుందామని చొక్కా మీదే దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. తన ఒంటి మీద అక్షరాలు చూసుకుంటే సిగ్గేసింది, సంతోషమూ వేసింది. అద్దంలో అవి తిరగబడి కనిపించినా తిరగబడిన అక్షరాలు చదవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

అంతలో ఓనరమ్మ టీ కోసం వెనక గదిలోకి వచ్చింది.

"అక్కా!" అని ఒక్క కేక పెట్టింది. "ఎప్పుడు? ఎవరాయన?"

"ఆయనెవరూ లేరే, ఇది..."

"దాచకక్కా! ఒంటి మీద ఒక్క అక్షరం రానివ్వననే మనిషివి, ఊరికే వేసుకుంటావా?" అంటూనే ఫోనెత్తి ఫొటో తీసింది. ఇంతలో ముందు గదిలో బేరమొస్తే పరుగెత్తింది. పరుగెత్తుతూ ఆ ఫొటోని తన ఫోను స్టేటస్‌లో పెట్టేసింది. కింద "మా అక్షరాలక్కకి శుభాకాంక్షలు" అని, ఆరేడు పువ్వులు. జనం చొక్కాల మీద పెట్టుకునే స్టేటస్సులన్నీ తన చేత్తో అతికించిన మనిషి స్టేటస్సు అలా ఊరి మీద పడింది.

ఓనరమ్మని తప్పు పట్టలేం. ఆ మాటకి అర్థం అదే మరి. ఇల్లు కొనుక్కున్న ఆడది కూడా ఒక ఇంటిదే అవుతుందని ఎవరికి తోస్తుంది?

సాయంత్రం కొట్టు దిగేసరికి మందుల షాపాయన ఎదురొచ్చి "చాలా సంతోషమమ్మా, ఏ వయసుకి ఆ తోడు" అన్నాడు. ఈయనకెవరు, ఏం చెప్పారో అక్షరాలక్కకి అర్థం కాలేదు. బస్సెక్కేసరికి మేనకోడలు ఫోను చేసింది. పెళ్లయి వేరే ఊళ్లో ఉంటుంది. "అత్తా! నాకు కూడా చెప్పలేదే! మావయ్య ఫొటో పంపు ముందు" అని అరిచింది. అప్పుడర్థమైంది, ఓనరమ్మ తీసిన ఫొటో ఊరంతా తిరుగుతోందని.

"మీ నాన్న చూశాడా?"

"నేనే పంపించా అత్తా. అమ్మ ఒకటే ఏడుపు, సంతోషంతో."

ఇంటికి వెళ్లేసరికి తలుపు బార్లా తీసి ఉంది. హాలంతా సర్ది ఉంది. వదిన కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చి ఆడపడుచుని కాకుండా ఆమె భుజం మీదుగా వెనక్కి చూసింది. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన ముఖం అంత తేటగా ఉండగా ఆమె ఏనాడూ చూడలేదు.

"అబ్బాయేడమ్మా?" అన్నాడు. "వీధిలో నిలబెట్టావా? ఇదేం పద్ధతి, లోపలికి పిలువు."

"అన్నయ్యా, కూర్చో. నేను చెప్పేది..."

"నాకు కోపం లేదు చిట్టీ. చెప్పకుండా చేసుకున్నావని కోపమే లేదు. అయింది, అదే చాలు. నాన్నకి..." అని ఆగి, చేతి రుమాలు తీసుకున్నాడు.

అన్నేళ్ల బరువు దించుకుని కూర్చున్న మనిషి నెత్తిన మళ్లీ దాన్ని ఎత్తాల్సింది తనే. ఇంకాస్సేపు ఆయన్ని అలా ఉండనిస్తే ఎంత బాగుండు అనిపించింది. కానీ ఉన్నకొద్దీ అది అబద్ధమవుతుంది. సంచీలోంచి తాళంచెవి తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"అబ్బాయి లేడన్నయ్యా. ఇల్లుంది. నేను ఇల్లు కొనుక్కున్నాను. ఆ మాట సరదాగా వేసుకున్నాను, నీకు చూపిద్దామని. ఊరంతా ఇంకోలా చదివారు."

వంటింట్లో ఏదో మాడుతున్నా వదిన కదల్లేదు. అన్నయ్య రుమాలు మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవిని ముట్టుకోలేదు.

"ఇక్కడ నీకేం తక్కువైందమ్మా?" అన్నాడు.

ఇన్నాళ్లూ ఆమె భయపడింది ఈ ప్రశ్నకే. "ఏమీ తక్కువ కాలేదు. తక్కువైతే ఎప్పుడో పోయేదాన్ని" అంది. "నువ్వు బాగా చూసుకున్నావు కాబట్టే నా డబ్బు నాకు మిగిలింది. నీ ఇంట్లో ఉండబట్టే నా ఇల్లు అమరింది. అది నీకు ఎలా చెప్పాలో తెలియక చొక్కా మీద రాసుకున్నాను."

అన్నయ్య లేచి, ఇస్త్రీ చొక్కా విప్పి హ్యాంగరుకి తగిలించి, వంటింట్లోకి వెళ్లి కుళాయి విప్పడం మొదలుపెట్టాడు. అది చుక్క కూడా కారడం లేదు.

తర్వాత అక్షరాలక్క గదిలోకి వచ్చిన వదిన మంచం మీద కూలబడింది. "ఈ మాటేదో నోటితో చెబితే నిమిషంలో తేలిపోయేది కదే?"

"నోటికి రాలేదు వదినా."

"నోటికి రానిది చొక్కాకొచ్చిందా?" అని తల కొట్టుకుంది. కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "బాల్కనీ ఉందా?" అంది.

"ఉంది."

"ఎప్పుడైనా మీ అన్నయ్య మీద కోపమొస్తే నేనొచ్చి కూర్చోవచ్చా?"

అంత దిగుల్లోనూ అక్షరాలక్కకి నవ్వొచ్చింది. వదినా నవ్వింది. వంటింట్లో పానా శబ్దం ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

కొట్లో మర్నాడు ఓనరమ్మ లెంపలేసుకుంది, స్టేటస్సూ తీసేసింది. కానీ ఆ మాట అప్పటికే కాళ్లొచ్చి నడిచిపోయింది. కొత్తగా ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు "ఒక ఇంటివాణ్ణయ్యాను" అని వెయ్యమని వచ్చారు. "చూశారా, మాట్లాడితే విప్పి చెప్పుకోవడం అంటారు, అదే బేరాలు తెస్తోంది" అని ఓనరమ్మ మాస్టారుని దెప్పింది. "ఆవిడ విప్పి చెప్పిందేమిటి, మీకు అర్థమైందేమిటి? నేను మొత్తుకునేదీ అదేగా" అన్నాడు మాస్టారు. అక్షరాలక్క ఈసారి సూది ఆపింది. "రాసుకోవడం తప్పని ఇక నేననను మాస్టారూ. రాసుకోకపోయినా జనం మన మీద వాళ్లకి తోచింది చదువుతూనే ఉంటారు. మనమే రాసుకుంటే కనీసం అక్షరాలు మనవి" అంది. ఆ తగువు ఎటూ తేలలేదు, ఇప్పటికీ తేలలేదు.

అన్నయ్య మాత్రం మూగనోము పట్టాడు. కోపంతో కాదు. పలకరిస్తే ఊఁ అంటాడు, పెడితే తింటాడు, పనికి పోతాడు. ఆమె బట్టలు సర్దుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోతాడు. ఇంతకంటే ఇంట్లోంచి గొడవ పడి పోవడమే నయమని అక్షరాలక్కకి అనిపించింది. ఒకటి రెండుసార్లు ఫ్లాటు అద్దెకిచ్చేసి ఇక్కడే ఉండిపోదామా అని కూడా అనుకుంది. తాళంచెవి బల్ల మీదే ఉంది, ఎవరూ తియ్యలేదు.

పెట్టెలు కట్టడం అయిపోయిన రోజున ఉన్నట్టుండి అన్నయ్య నోరు విప్పాడు.

"పైపులు చూశావా?"

"ఏ పైపులు?"

"కొనేముందు. ఆ ఫ్లాట్లో. పైపులు చూశావా లేదా?"

"లేదన్నయ్యా. గోడలు బాగున్నాయి, కిటికీలు బాగున్నాయి..."

"గోడల్లోంచి నీళ్లొస్తాయా?" అన్నాడు. ఇన్ని రోజులకి మొదటిసారి గొంతు పెరిగింది. "ఊళ్లో అందరి పైపులూ చూసేవాడి చెల్లెలు పైపులు చూడకుండా ఇల్లు కొందట! వినేవాళ్లు నవ్విపోరూ?" అని పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. బల్ల మీది తాళంచెవి తీసుకుని ముందు తనే నడిచాడు.

ఫ్లాటు చేరాక ఆయన హాలు చూడలేదు, బాల్కనీ చూడలేదు. నేరుగా వంటింటి సింకు కింద దూరాడు. అక్కణ్ణుంచి తిట్లు వినిపించాయి. ఈ జాయింటు ఎవడు పెట్టాడు, వాడికి చేతులున్నాయా, ఈ వాషరు కుళాయిదా చెప్పుదా. స్నానాలగదిలో మరికొన్ని. అక్షరాలక్క ఒక గిన్నె వెతికి టీ పెట్టింది. ఆ తిట్లు వింటుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అన్నయ్య తిడుతున్నాడంటే పని బాగా చేస్తున్నాడని అర్థం, పని బాగా చేస్తున్నాడంటే ఆ ఇంటి మీద కోపం లేదని అర్థం. పెట్టెలు విప్పుతుంటే పైకి వచ్చిన ఆ బూడిదరంగు టీషర్టునే, దుమ్ము పని కదా అని తొడుక్కుంది.

సాయంత్రానికి అన్ని కుళాయిలూ ఆయన చెప్పినట్టు వినడం మొదలుపెట్టాయి. అన్నయ్య మెట్ల దగ్గర కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు. ఎదురింటి పెద్దాయన తలుపు తీసుకుని బయటకొచ్చాడు. కొత్తగా ఎవరో దిగారని తెలిసి పలకరిద్దామని వచ్చినట్టున్నాడు.

"నమస్కారమండీ. ఈ ఇంటాయన మీరేనా?"

లోపల్నుంచి టీ గ్లాసులు పట్టుకుని గుమ్మం దాకా వచ్చిన అక్షరాలక్క అక్కడే నిలబడిపోయింది. ఇప్పుడు మళ్లీ ఆ 'ఇంకా' వినాలేమో అనుకుంది.

"కాదండీ" అన్నాడు అన్నయ్య. "ఇల్లు మా చెల్లెలిది."

"ఓహో. మరి మీరు?"

అన్నయ్య లేచి నిలబడ్డాడు. పనిముట్ల సంచీ సర్దుకున్నాడు.

"నేను పుట్టింటివాణ్ణండీ. అమ్మాయిని దింపిపోదామని వచ్చాను."

ఆయన అది మామూలుగానే అన్నాడు. కానీ వినగానే అక్షరాలక్క చేతుల్లో గ్లాసులు రెండూ పక్కకి ఒరిగి టీ ఒలికింది. ఆడది ఇంకో ఇంటిదైతేనే కదా, పుట్టిన ఇల్లు పుట్టిల్లయ్యేది. నాన్న చెప్పిన పని తనచేత కాలేదని ఇన్నేళ్లూ తల దించుకున్న మనిషి, ఇప్పుడు ఆ పని అయిందని ఒక కొత్త మనిషి ముందు తల ఎత్తి చెబుతున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

ఎదురింటాయన తడబడి "టీ వేడిగా ఉన్నట్టుందండీ" అని లోపలికి వెళ్లిపోయాడు.

అన్నయ్య మిగిలిన టీ నిలబడే తాగాడు. గ్లాసు తిరిగిచ్చేటప్పుడు టీషర్టు మీద మాటని మొదటిసారి నింపాదిగా, ఒక్కో అక్షరం చదివాడు. మెట్లు దిగుతూ మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆదివారం పుట్టింటికి రా. మీ వదిన ఎదురుచూస్తుంటుంది."

పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లోనే ఉన్న మనిషికి, ఆ ఇంటికి రమ్మని పిలుపు రావడం అదే మొదటిసారి. అక్షరాలక్క కళ్లు తుడుచుకుని, తప్పకుండా వస్తానంది.